తెల్లపొగ

"ఏ రసాయనమో తెలిస్తే మందు తొందరగా మొదలుపెడతా," నందిగామ ఆసుపత్రిలో డాక్టరమ్మ అంది.

జగ్గయ్యపేటలో క్రిస్మస్ నాటకం కోసం హాల్లో స్టీవెన్ పాత మిలటరీ పొగగ్రెనేడు పేల్చాడు. అతని భార్య జాయిస్‌కి ఊపిరాడ్డం లేదు.

"మావయ్యది ఆర్మీ అండి. గ్రెనేడు ఫొటో పంపితే చూసి, ఉత్త రంగుపొగేలే అన్నారు," స్టీవెన్ చెప్పాడు.

జాయిస్ తండ్రి జ్ఞానయ్య, స్టీవెన్ తెచ్చిన ఖాళీ గ్రెనేడు డబ్బా మీది తుప్పు గోకాడు. అక్షరాలు బయటపడ్డాయి.

"జింకు పొగమ్మా. ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది."

డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది.

"ఫొటోలో అక్షరాలు కనపడలేదా మావయ్యా?"

"లేదు. తెలీదని చెప్పడానికి నామోషీ అనిపించింది."

స్టీవెన్ గొంతు తగ్గించాడు. "జాయిస్‌కి చెప్పకండి. మీ మాటంటే దానికి గురి."

"అందుకే చెప్పాలి," అంటూ జ్ఞానయ్య కూతురి మంచం వైపు నడిచాడు.