గోడవైపు తిరిగిన కుర్చీ

హాంబర్గ్‌లో ఎదురింటి జ్వాకీమ్ తాత రోజూ గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పాప స్ట్రోలర్‌కి అడ్డమని ఉదయశ్రీ బిల్డింగ్ పనులు చూసే హౌస్‌మైస్టర్‌కి ఫిర్యాదు చేసింది.

సోమవారం పొద్దున కుర్చీ గోడవైపు తిరిగి ఉంది.

"ఒక్క మెయిల్‌కే తాత దారికొచ్చాడు" అని భర్తతో అంది. కుర్చీలో రెండు సున్నుండలు, జర్మన్‌లో థ్యాంక్స్ చెబుతూ "డాంకె" అని రాసిన చీటీ పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయింది.

శుక్రవారానికీ సున్నుండలు అలాగే ఉన్నాయి. ఆ రోజే పోలీసులు తాత శవాన్ని బయటికి తెచ్చారు.

పోర్చుగల్ నుంచి వచ్చిన తాత కూతురు కుర్చీ దగ్గర ఆగిపోయింది.

"మాది కొండల్లో చిన్న ఊరు అండీ. వయసులో ఉన్నవాళ్లంతా వలసపోతే ముసలివాళ్లే మిగిలారు. ఇక లేవలేమనిపిస్తే గడియ తీసి ఉంచి, కుర్చీ గోడవైపు తిప్పుతారు. చూసినవాళ్లు పిలవకపోయినా లోపలికి వెళ్తారు."

పోలీసులు తలుపు పగలగొట్టలేదు. తోశారంతే.