ఈశాన్యంలో పొయ్యి

ఆస్ట్రేలియాలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ కాలనీలో కస్తూరి ఎప్పుడు చేప వేయించినా, పొగ పసిగట్టే యంత్రం వీధి అదిరేలా అరిచేది. విసిగిపోయి, పెరట్లో పొయ్యి కట్టుకుందామని ఈశాన్య మూల గునపం వేసింది.

"ఆగండి" అంది నేల.

అప్పటికి దేశమంతా ప్రతి పెరట్లోనూ నేలగొంతు అనే మాట్లాడే యంత్రం పాతిపెట్టేశారు. తవ్వబోతే అది ఆపి, ఆ చోటి మూలవాసుల పెద్దకు కబురు పంపేది.

"చూశావా! ఈశాన్యంలో నిప్పు నేలకే నచ్చలేదు" అని మురిసిపోయాడు భర్త మార్కండేయులు. ఆయన వాస్తు లెక్కన పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి. అక్కడైతే పొగంతా మళ్లీ ఇంట్లోకే.

మధ్యాహ్నం ఆ మూలవాసుల పెద్ద, డోరీన్ ఆంటీ వచ్చింది. ఆవిడ మాటల్ని భార్యాభర్తల చెవుల్లోని అనువాద యంత్రాలు గోదావరి యాసలో వినిపించాయి.

"ఆయ్, తెల్లోళ్ల ఓడలు రాకముందు మా అమ్మమ్మలు వేల ఏళ్లు ఇక్కడే ఆల్చిప్పలు కాల్చుకుని తినేవోరమ్మా. కిందున్నదంతా ఆ చిప్పల దిబ్బే. తవ్వకు. పైన పెట్టుకో పొయ్యి."

"ఈశాన్యం కదండీ!" అన్నాడు మార్కండేయులు.

"దిక్కులు నాకు తెలీవు బాబూ. పొగ కళ్లల్లో పడనిది మాత్రం ఇక్కడే."

కస్తూరి అక్కడే, తవ్వకుండా మూడు ఇటుకలు పెట్టి, ఒడ్డు నుంచి తెచ్చిన ఆల్చిప్పలు కాల్చింది. పొగ బుద్ధిగా కంచె దాటి పోయింది. మార్కండేయులు డజను తిని, ఇంకా ఉన్నాయా అన్నాడు.

"ఈ చిప్పలు ఎక్కడ పారెయ్యను ఆంటీ?"

"పారెయ్యడమేంటమ్మా? అక్కడే, మా వోళ్ల వాటి మీద పెట్టు."

కస్తూరి చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కొక్కటిగా పెట్టింది.