పదమూడో ఇంటి వేపమండ

దర్వాజ పైన వేపమండలు కట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, నిర్మల వీధివైపు తిరిగింది.

“పద్నాలుగు రోజులు. ఎవ్వలు గడప తొక్కద్దు. మహిపాల్, నువ్వు సుత.”

మహిపాల్ అరుగు కింద నిలబడి తల గోక్కున్నాడు. పరీక్షలో అతనికి ఏమీ లేదని తేలింది. లోపల అతని భార్య సుకన్య దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

“మరి నేనెక్కడ పండాలె అక్కా?”

“బాయికాడ మోటరు కొట్టం ఉండె గదా. ఆడ పండు. గాలి సుత మంచిగొస్తది.”

నిర్మల ఆ ఊరి ఆశా కార్యకర్త. నెక్కొండ దగ్గరి ఊరు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పిన మాటలను తాడులా పేనితే, అది వరంగల్ దాకా పోయి, అక్కడ ఇంకో రెండు బర్రెలను కట్టేయడానికి మిగిలేది. అయినా వినేవాడు లేడు. మాస్కు పెట్టుకోమంటే గడ్డానికి పెట్టుకున్నారు. రోగమున్న ఇంటికి అంటించమని దవాఖాన నుంచి ఎర్ర కాగితాలు వచ్చాయి. మొదటిదాన్ని మేక తినేసింది. రెండోది హోటల్లో మిరపకాయ బజ్జీల కింద కనబడింది.

అప్పుడు ఆమెకు వేపాకు గుర్తొచ్చింది. ఒంటి మీద అమ్మవారు పోస్తే ఆ ఇంటి దర్వాజకు వేపమండలు కడతారు. పరాయి మనిషి ఆ గడప తొక్కడు. తాగినవాడు ఆ ఛాయలకే పోడు. ఇది ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

డాక్టర్ కోప్పడ్డాడు. “అమ్మవారికీ కరోనాకూ ఏం సంబంధమమ్మా?”

“సార్, మీ కాగితం చదివెటోళ్లు మా ఊర్లె నలుగురు. యాపాకు చదువరానోళ్లు ఒక్కలు లేరు.”

డాక్టర్ మిగిలిన ఎర్ర కాగితాలను సొరుగులో పడేశాడు.

పన్నెండు ఇళ్లకు కట్టింది. పన్నెండు ఇళ్లలోనూ రోగం గడప లోపలే ఆగింది. ఇక ఆమెకు కొత్త భయం పట్టుకుంది. పరీక్షలో తేలిన ఇంటికే మండ కట్టాలని తనకు తానే నియమం పెట్టుకుంది. ఒక్క మండ ఉత్తదని తెలిసినా, మర్నాటి నుంచి ఊరు తన మాటను కూడా ఆ మేకకే వేస్తుంది.

సుకన్యది పదమూడో ఇల్లు.

నిర్మల రోజూ రెండు పూటలా లోపలికి పోయేది. గోలీలు మింగించేది, కాపడం పెట్టేది. బయటికి వచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. పక్కింటి సమ్మమ్మ గోడ మీది నుంచి ఆరా తీసేది.

“కిటికీలకెళ్లి సూసిన బిడ్డా. పిల్ల ఒక కన్ను తెరుస్తలేదు. ఈ రోగానికి కండ్లు సుత వాస్తయా?”

“వాస్తయి పెద్దమ్మా.”

“ఆ ఇంట్ల సప్పుడే లేకపాయె. నాకైతే గుండె దడదడ అంటాంది.”

మహిపాల్ పొద్దున్నే వచ్చి ఎదురుగా కల్వర్టు మీద కూర్చునేవాడు. “సుకన్యా, జర కిటికీ కాడికి రాయే. మొకం సూపియ్యి” అని పిలిచేవాడు. లోపలి నుంచి పలుకు వచ్చేది కాదు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకునేవారు. “పెండ్లాం కోసం ఎండల ఎండుతాండు పాపం. ఆ నిర్మలది గుండెనా బండనా?” నిర్మలకు వినబడాలనే అనేవారు. వినబడేది కూడా.

సుకన్యకు పుట్టింటి తరఫున మిగిలింది ఒక్క అన్న, వెంకట్రాజం. భీవండిలో మగ్గాల పని. నిర్మల అతనికి రోజూ ఫోన్ చేసేది.

“ఎప్పుడొస్తవు రాజం?”

“టికెట్ దొరుకుతలేదక్కా. చెల్లె బతుకుతది గదా?”

“నువ్వు జల్ది వస్తే బతుకుతది.”

పన్నెండో రోజు మహిపాల్ ఓపిక తెగిపోయింది. అరుగెక్కాడు. చెయ్యెత్తి వేపమండను పట్టుకున్నాడు.

“అది ఉన్నదో సచ్చిందో తెల్వది. నా ఇంట్లకు నేను పోత. ఎవడాపుతడో ఆపుండ్రి.”

వాడకట్టంతా పోగైంది. సమ్మమ్మ కూడా అతని వైపే మాట్లాడింది. “పోనియ్యి బిడ్డా. దూరంకెళ్లి సూసి వస్తడు.”

ఆ మండ ఊడితే ఒక్క ఇంటితో పోదు. పదమూడు ఇళ్ల మాటా పోతుంది, లోపలున్న పిల్లా పోతుంది. అయినా నిర్మల అడ్డం నిలబడలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“తియ్యి మహిపాల్. పొద్దుగాల్నే కల్లు తాగిన నోటితోని అమ్మవారి ఆకు తియ్యి. రేపు నీకేమన్నయితే నన్ననద్దు. గీ వాడకట్టోళ్లే సాక్ష్యం.”

జనం రెండడుగులు వెనక్కి జరిగారు. మహిపాల్ చెయ్యి కాసేపు ఆకుల మీదే ఉంది. తర్వాత మెల్లగా దిగింది. అరచేతిని లుంగీకి రెండు మూడుసార్లు రుద్దుకుని, వెనక్కి నడుచుకుంటూ అరుగు దిగాడు.

“ఇంకెన్ని దినాలక్కా?”

“రెండు.”

జనం చెదిరాక ఆమె ఫోన్ మోగింది.

“అక్కా, రైలెక్కిన. రేపు పొద్దుగాల కాజీపేటల దిగుత. ఆటో మాట్లాడుకొని సీదా ఇంటికే వస్త.”

“ఆటోను పెరటి దిక్కు తేపియ్యి రాజం. చెల్లె బట్టలు సర్ది పెడ్త.”

నిర్మల లోపలికి పోయి తలుపు గడియ పెట్టింది. సుకన్య లేచి కూర్చుని ఉంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, పన్నెండు రోజుల్లో మొదటిసారి గోడకు చేరగిలబడి ఊపిరి తీసుకుంది.

సుకన్యకు కరోనా లేదని మొదటి రోజు పరీక్షలోనే తేలింది. ఆ కన్ను వాచింది మహిపాల్ గుద్దితే.