ట్రైలర్‌కి కెమెరా, పిన్నికి సెలవు

మస్తానమ్మ పిన్నికి అన్యాయం జరిగింది. చేసింది స్వయానా ఆమె మొగుడు, మా అంకమ్మరావు బాబాయే.

తిరునాళ్ళకి తిరిగే వాళ్ళ గాజుల కొట్టూ, కాపురమూ ఒకే ట్రైలర్‌లో. జీపుకి తగిలించి బాబాయ్ లాగుతాడు. రివర్స్ చేసేటప్పుడు వెనక నిలబడి "రానీ, రానీ, ఆపెహె!" అని పదిహేనేళ్ళుగా అరుస్తున్నది పిన్ని. మొన్న బాబాయ్ నరసరావుపేటలో మూడు కొట్లు తిరిగి, ఏరి ఏరి ఒక కెమెరా తెచ్చి ట్రైలర్ వెనక, దాని స్క్రీన్ జీపులో బిగించాడు.

"ఇది అరవదు, అలగదు. ఈసారి కోటప్పకొండకి నేనొక్కడినే పోతా. నువ్వు ఇంటికాడుండు" అన్నాడు.

నాకు రక్తం మరిగింది. "యంత్రం వచ్చి మనిషిని గెంటేస్తుంటే చూస్తా ఊరుకుంటామా?" అంటూ జేబులోంచి మా లారీ క్లీనర్ల సంఘం కరపత్రం తీశా.

"అది తర్వాత చదువుదువుగానిలేరా. ముందా పసుపు గిన్నె ఇటియ్యి" అంది పిన్ని. "కొత్త వస్తువుకి పూజ చెయ్యొద్దూ?"

కెమెరాకి దట్టంగా పసుపు రాసి, నడిమధ్యన బొట్టు పెట్టింది. బాబాయ్ దణ్ణం పెట్టుకుని జీపెక్కాడు. స్క్రీన్ నిండా పసుపే.

"ఏందే ఇది, ఏం కనపడట్లా! తుడిచేస్తా ఉండు" అంటూ దిగొచ్చాడు.

"పూజ పసుపు తుడుస్తావా? నీ ఇష్టమయ్యా. కోటయ్య సామి చూస్తానే ఉంటాడు."

బాబాయ్ చెయ్యి ఆగిపోయింది. "సరే, వెనక నిలబడు."

"ఆగయ్యా, నా గుడ్డలు సర్దుకోనీ" అంది పిన్ని.

కాబట్టి సోదరులారా! కెమెరాలొచ్చి పని పోయిన క్లీనర్లందరూ రేపు పొద్దున ఆరింటికి దాచేపల్లి లారీల అడ్డాకి రండి. జెండాలొద్దు. తలా ఒక పసుపు పొట్లం తెచ్చుకోండి.