ఓడ దిగిన నూనె

"జెండా ఊపు తిమ్మమ్మా, టీవీ వాళ్లు చూస్తాండారు!" అధికారి తొందరపెట్టాడు.

ముదిగుబ్బలో ఆ రోజు అడవి ఆముదం (జట్రోఫా) గింజల నూనెతో నడిచే కార్ల రేసు. ఆ అధికారి మాట నమ్మే తిమ్మమ్మ మూడేళ్ల కిందట చెనిక్కాయ, అదే వేరుశనగ, మాని, నాలుగెకరాల్లో ఆ మొక్కలు నాటింది. అందుకు మెచ్చి రేసు మొదలుపెట్టే పచ్చజెండా ఆమె చేతికిచ్చారు. గింజలు మాత్రం ఎవరూ కొనలేదు. ఇంట్లో మూటల్లోనే పురుగు పట్టాయి. ఆ ఆకు మేకలు కూడా ముట్టవు.

"ఏమప్పా, ఇది మా గింజల నూనేనా?" ముందున్న కారు డ్రైవరును అడిగింది.

"కాదమ్మా, విదేశం నుంచి ఓడలో తెప్పించారు. ఇక్కడ చెట్లు ఇంకా కాయలేదని సారే చెప్పారు."

తిమ్మమ్మ అధికారి వైపు చూసింది. ఆయన కెమెరా వైపు చూశాడు.

ఆమె జెండా ఆయన చేతిలో పెట్టింది.

"ఆ ఓడోళ్లనే పిలిపించి ఊపించు సారూ. నేను పోయి చెట్లు పెరకల్ల. ఈ వానకన్నా మళ్లీ చెనిక్కాయ ఏసుకుంటా."