కిందివైపు బొమ్మ

డిప్లొమా చదివిన బావమరిది దొంగతనం చేశాడు. అదీ సొంత బావ కొట్లో.

ఆ సంగతి పట్టుకోవడానికి రేడియో మెకానిక్‌కి అర నిమిషం పట్టలేదు. భార్య తెచ్చిన కాగితం మీద ఉన్నది తను గీసిన బొమ్మే. మిణుకు మిణుకుమనే ఎల్ఈడీ బోర్డు. బడిపిల్లలు చేత్తో సోల్డరింగ్ చేసుకోవాలని, భాగాలు అతికే చుక్కలు శనగగింజంతేసి పెట్టాడు. ఆరు నెలలు గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. అది అమ్ముడుపోతే ఈ అద్దె కొట్టు వదిలేసి, ఊరి చివర భార్య పేరున కొన్న స్థలంలో సొంత కొట్టు వేసుకోవాలని ఆశ.

"తమ్ముడు గీశాడండీ. వాడికి చెప్పకండి, నేనే తెచ్చాను. ఒక్కసారి చూసిపెట్టండి," అంది భార్య. చంకలో ప్లాస్టిక్ కవరు నొక్కి పట్టుకుంది.

మొన్న ఈ కొట్లోనే టీ తాగుతూ బావమరిది ఈ బొమ్మ మీదికి ఫోను పెట్టి ఏదో నొక్కుకున్నాడు. ఇదన్నమాట! ఏడో తరగతి తప్పినవాడని పదిమందిలో తనని వెక్కిరించే పెద్దమనిషి!

మళ్ళీ చూశాడు. పెదవి చివర నవ్వు మొలిచింది.

మెకానిక్ ఎప్పుడూ కిందివైపు నుంచి, అంటే సోల్డరింగ్ పడే వైపు నుంచి చూసి గీస్తాడు. డిప్లొమా అది పైవైపు బొమ్మనుకున్నాడు. ఇలాగే చేయిస్తే అద్దంలోలా ఎడమా కుడీ తారుమారు. ఎనిమిది కాళ్ళ చిప్పుకి ఒక్క కాలూ తన చోట పడదు.

"ఎన్ని చేయిస్తాడట?"

"రెండు వేలు. స్కూళ్ళవాళ్ళు మాటిచ్చారట. బాగుందా?"

"ముత్యంలా ఉంది. చదువుకున్న చెయ్యి కదా!"

"తప్పులేం లేవుగా?"

"కళ్ళకద్దుకోవాలి. పెట్టుబడి ఎవరిదో గాని, పెట్టి పుట్టాడు."

"నా మీద ఒట్టా?"

"నీ మీద ఒట్టే."

ఆమె ముఖం విప్పారింది. కవరు సర్దుకుని గబగబా వెళ్ళిపోయింది.

నెల తిరిగింది. రెండు వేల బోర్డులొచ్చాయి. ఒక్కటీ మిణుకుమనలేదు. స్కూళ్ళవాళ్ళు మాకొద్దు పొమ్మన్నారు.

మెకానిక్ పనిగట్టుకుని బావమరిది ఇంటికెళ్ళాడు. అట్టపెట్టెల మధ్య డిప్లొమా తల పట్టుకు కూర్చున్నాడు.

"ఏమోయ్ ఇంజనీరూ, మొహం మాడిపోయిందేం? ఇంటినిండా బోర్డులున్నాయిగా, ఒకటి వెలిగించుకో!"

డిప్లొమా తలెత్తలేదు. మూల నించున్న మెకానిక్ భార్య ఎత్తింది.

"మీరు ఒట్టేసి బాగుందన్నాకే కదండీ, మన రెండు వందల నలభై గజాల స్థలమూ అమ్మి వీడి చేతిలో పోశాను!"