నిమిషానికి పాతిక లీటర్లు

"నా మీటరు తీగలు పీకిందెవరు?" కంట్రోల్ రూములో అడుగు పెడుతూనే ఫోర్‌మన్ అరిచాడు.

"నేనే," అన్నాడు మేనేజరు బావమరిది, తలైనా ఎత్తకుండా. ఆ తీగలు ఇప్పుడు అతని లాప్‌టాప్ పక్కనున్న నల్ల పెట్టెలోకి పోతున్నాయి. "నీ మీటరు ముసలిదైపోయింది తాతా, నీలాగే. ఇవాళ్టి పరీక్షకు మా పెట్టె చెప్పిందే లెక్క."

"ఇరవై ఆరేళ్లలో ఆ మీటరు ఒక్క అబద్ధం ఆడలేదు. నీ పెట్టె పుట్టి ఎన్నాళ్లయింది?"

"నువ్వు కాస్త నోరు మూస్తావా?" మేనేజరు కసిరాడు. "అమ్మగారు వచ్చే వేళయింది."

ఫోర్‌మన్ నోరు మూశాడు, పళ్లు మాత్రం పటపటలాడించాడు. బయట నలభై మూడు డిగ్రీల ఎండ నిప్పులు చెరుగుతోంది. గ్యాస్ టర్బైనుకు ఎండ అంటే గిట్టదు. వేడికి గాలి పలచబడిపోతుంది, ఎంత పీల్చినా దానికి ఊపిరి చాలదు. చలికాలంలో పాతిక మెగావాట్లు ఇచ్చే కొత్త టర్బైను, ఈ రోజుల్లో మధ్యాహ్నమయ్యేసరికి ఇరవై ఒకటి దగ్గర చతికిలబడుతుంది. ఆ లోటు పూడ్చడానికే పక్క షెడ్డులో పాత టర్బైను ఉంది. దాన్ని నడపడానికి పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్లలో ప్రతి ఒక్కడికీ స్పానరు పట్టుకోవడం నేర్పింది ఫోర్‌మనే.

బావమరిది బిగించిన కొత్త ఏర్పాటు, టర్బైను గాలి పీల్చుకునే దారిలో సన్నటి నీటి తుంపర చల్లుతుంది. గాలి చల్లబడుతుంది, కొత్త టర్బైను ఒక్కటే సరిపోతుంది. ఇక పాత షెడ్డుకు తాళం, పద్దెనిమిది మందికి ఓ దండం. ఆ మాట మేనేజరు నిన్ననే మొహమాటం లేకుండా చెప్పేశాడు.

యజమానురాలు వచ్చింది. అరవై దాటిన మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మగారూ," అన్నాడు ఫోర్‌మన్, "ఆ షెడ్డు మూస్తే పద్దెనిమిది కుటుంబాలు రోడ్డున పడతాయి."

"అంకె పెరిగితే మూస్తాను, పెరగకపోతే మూయను. నాకు ఇంకో భాష రాదు." ఆవిడ బావమరిది వైపు ఓ చూపు విసిరింది. "ఇతను మేనేజరుకు బంధువని నాకు తెలుసు. అందుకే సాక్షి సంతకం నువ్వు పెడతావు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, నువ్వు మోసం చేసే రకం కాదు."

ఆ మాటకు ఫోర్‌మన్ మొహం కందిపోయింది. చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోయింది.

"అమ్మగారి ముందు జేబులో చెయ్యేమిటి? తియ్యి!" అన్నాడు మేనేజరు.

తీశాడు. బావమరిది మీట నొక్కగానే గోడ అవతల పంపు గుర్రుమంది. లాప్‌టాప్ తెర మీద ఇరవై ఒకటి అలాగే నిలబడి ఉంది.

"కదలదు," అన్నాడు ఫోర్‌మన్.

"ఏం, దానికేమైనా చెప్పి వచ్చావా?" బావమరిది నవ్వాడు.

అప్పుడు అంకె కదిలింది. ఇరవై ఒకటిన్నర అయింది. ఇరవై రెండు దాటింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఇరవై మూడుకు చేరి, ఇంకొంచెం పైకి పాకి ఆగింది.

ఫోర్‌మన్ తెర దగ్గరికి వంగి చూశాడు. కళ్లజోడు తీసి, చొక్కాతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఏమయ్యా, మొహం అలా పాలిపోయింది?" మేనేజరు గొంతులో సంతోషం దాగలేదు. "గాలి ముప్పై డిగ్రీలకు దిగింది. కడుపు మండుతోందా?"

"నీళ్లెంత పోతున్నాయి?" ఫోర్‌మన్ మెల్లగా అడిగాడు.

"అదీ ఇక్కడే ఉంది తాతా. నిమిషానికి పాతిక లీటర్లు."

"సరిగ్గా చూసి చెప్పు."

"చూసే చెప్తున్నాను."

"అమ్మగారు వినేలా ఇంకోసారి చెప్పు."

"పాతిక! నిమిషానికి పాతిక లీటర్లు! చాలా? బండమీద చెక్కించమంటావా?"

"చాలు," అన్నాడు ఫోర్‌మన్.

మేనేజరు అప్పటికే కాగితం అతని ముందుకు తోసి, దాని మీద పెన్ను పడేశాడు. "సంతకం గీకి బయటికి నడువు. నీ వాళ్లకు కబురు కూడా నువ్వే చెప్పు."

అద్దంలోంచి పాత షెడ్డు కనిపిస్తోంది. ఆ కొద్దిపాటి నీడలో పద్దెనిమిది మందీ గోడకు అతుక్కుని నిలబడి ఇటే చూస్తున్నారు. ఫోర్‌మన్‌కు భయం వేసింది. జన్మలో ఎప్పుడూ అంత భయం వేయలేదు. సంతకం పెడితే వాళ్లందరూ పోతారు. నోరు విప్పితే తనొక్కడే పోతాడు, పోతూ పోతూ ఇన్నేళ్ల మంచి పేరు కూడా వెంట పట్టుకుపోతాడు.

"ఏమిటి ఆలోచన?" అంది యజమానురాలు. "అంకె కళ్లారా చూశావుగా?"

"చూశానమ్మా."

"మరి?"

ఫోర్‌మన్ జేబులో చెయ్యి పెట్టి, చిన్న తాళంచెవి ఒకటి తీసి కాగితం మీద పెట్టాడు.

"ఏమిటిది?" మేనేజరు విసుక్కున్నాడు.

ఫోర్‌మన్ అతని వైపు చూడలేదు.

"తుంపరకు నీళ్లు పోయే వాల్వుదమ్మా," అన్నాడు యజమానురాలితో. "ఈ పరీక్ష పాడుచేద్దామని పొద్దున్న ఆరింటికే దాన్ని మూసేసి, గొలుసు చుట్టి తాళం వేశాను. ఇంతవరకూ ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు."